బానెట్ మీద పసుపు ఊలు

రాయదుర్గం,
హైదరాబాదు, 5 జూలై 2011.

మామయ్య గారికి మధుకర్ నమస్కారాలు.

మొన్న ఫోన్లో కోప్పడి పెట్టేసేముందు మీరన్న మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. "మనిద్దరం ఫోన్ ఎత్తితే రాష్ట్రం రెండు ముక్కలయ్యేదాకా దించము అల్లుడూ. ఏమన్నా చెప్పాలనుంటే కాగితం మీద రాయి. స్టాంపు అంటించేలోపల కోపం ఆరిపోతాది" అన్నారు. నిజమే. పెన్ను పట్టుకున్నాక ఉద్యమం గురించి ఒక్క ముక్క రాయబుద్ధి కావడం లేదు. మా అమ్మ మాత్రం మొన్న వంటావార్పుకి పోయి, నడిరోడ్డు మీద ఊరందరికీ పులిహోర కలిపి వచ్చింది. ఇంట్లో నాకు ఆ పూట పస్తు. ఇది రాజకీయం కిందికి రాదనుకుంటాను.

అసలు సంగతికి వస్తాను. లావణ్య మీ దగ్గరికి వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఎండలు తగ్గాక వస్తానంది. ఎండలు తగ్గాయి, వానలూ మొదలయ్యాయి. ఇక్కడి ఉద్యోగం మానేసి మీ ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నవంబరు ఆఖరుకు సెమిస్టరు అయిపోతే పర్మినెంట్ చేస్తారని అత్తమ్మ మా అమ్మతో అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. రోజూ ఫోన్ చేస్తాను. "తిన్నావా" అంటుంది. "తిన్న, నువ్వు తిన్నవా" అంటాను. "తిన్నా" అంటుంది. అంతే. పెళ్ళయిన ఆరేళ్ళలో మేము ఇంత తక్కువ మాట్లాడుకున్నది లేదు, తిండి గురించి ఇన్ని అబద్ధాలు ఆడుకున్నదీ లేదు.

ఆమె ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు. ఏప్రిల్ ఆఖర్లో నేను పాత కారు అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. జపాన్‌ది, ఎర్రది, నేలకు జానెడెత్తు. రోడ్డు ఖాళీగా ఉంటే రాజా, ట్రాఫిక్‌లో రోగిష్టి. కొన్న వారానికే కొత్తగూడ చౌరస్తాలో ర్యాలీకి దారిచ్చి నిలబడితే, ఇంజిను మరిగి పొగలు కక్కి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ. లావణ్య దిగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. తర్వాతి వారం మీ ఊరి బస్సెక్కింది.

కాబట్టి ముందు ఆ వేడి సంగతి చూడాలి. రేడియేటర్ మార్పించాను, ఫ్యాను మార్పించాను. లోపలి వేడి బయటికి పోయే దారి లేదని మెకానిక్కులందరూ ఒకటే పాట. అందుకని గాలి సందులున్న కొత్త బానెట్ వేయిద్దామనుకుంటున్నాను. ఉన్న ఇనప బానెట్‌నే కోయించి రెక్కలు పెట్టించమంటారు కొందరు. కొందరు ఫైబర్ అంటారు, కొందరు కార్బన్ ఫైబర్ అంటారు. మీరు జీవితమంతా లారీలు తిప్పినవారు. ఏది మంచిదో చెప్పండి. వేడెక్కని కారులో వచ్చి లావణ్యను తీసుకుపోవాలని నా ఆశ. ఈ మాట ఆమెతో అప్పుడే అనకండి.

అత్తమ్మకు నమస్కారాలు.

మీ అల్లుడు,
మధుకర్


ప్రొద్దుటూరు,
13 జూలై 2011.

అల్లుడు మధుకర్‌కు మామ ఈశ్వరయ్య దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. నీ చేతిరాత చూడడం ఇదే మొదలు. కోడి కెలికినట్టుందని మీ అత్త అంది. నేననలేదు.

లావణ్యతో అనకండి అని రాశావు. పోస్ట్‌మ్యాన్ దగ్గర ఉత్తరం తీసుకున్నదే ఆమె. నాకు కళ్ళద్దాలు కనబడక మీ అత్తతో చదివించుకున్నాను. సుబ్బమ్మ సంగతి నీకు తెలుసు కదా, మెల్లగా చదవమంటే వీధి చివరికి వినబడుతుంది. మేము వసారాలో ఉంటే, మా పాప లావణ్య వంటింటి గడప మీద చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంది. వినలేదనే అనుకుంటాను. ఆ చిక్కుళ్ళు మాత్రం ఎంతసేపటికీ అయిపోలేదు.

బానెట్ సంగతి. కార్బన్ అంటే బొగ్గు. బొగ్గుతో బానెట్ ఏంది నాయనా, ఇస్త్రీ పెట్టెనా అది? ఇనుము మంచిదే, కానీ కోసిన ఇనుముకు తుప్పు అంచుల నుంచే మొదలవుతుంది, పైగా కింద ఉండే పక్కటెముకలు తెగితే బానెట్ రేకుడబ్బా మాదిరి మోగుతుంది. కాబట్టి ఫైబరే వేయించు. మా మిద్దె మీద నీళ్ళ తొట్టి ఫైబర్‌దే. ఎన్ని ఎండలు చూసిందో, చెక్కు చెదరలేదు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. ఆ రెక్కల నోళ్ళు ముందు వైపుకే ఉండాలి. గాలి ఎదురుగా వస్తుంది. ఎదురొచ్చే చుట్టానికి తలుపు తీస్తామా, వీపు చూపిస్తామా?

పాప ఎందుకొచ్చిందో నీకు తెలుసంటున్నావు. నాకూ తెలుసు. ఎండా కాదు, బండీ కాదు. మీ ఊళ్ళో మావాళ్ళను పొమ్మని అరుస్తా ఉంటే ఆడపిల్లకు మనసు కష్టం కాదా? నిన్ను అనడం లేదు. మీ అమ్మ చంద్రమ్మ గారు బంగారం. కానీ రేపు మీ తెలంగాణ వచ్చాక కూతురిని చూడడానికి నాకు వీసా కావాలేమో, ఇప్పుడే ఒకటి పంపించు.

ఇట్లు,
ఈశ్వరయ్య


రాయదుర్గం,
21 ఆగస్టు 2011.

మామయ్య గారికి నమస్కారాలు.

ఆలస్యమైంది, క్షమించండి. బానెట్ పుణె నుంచి రావాలి. ఆ లారీ ఎక్కడో బంద్‌లో ఇరుక్కుని, వస్తుందా రాదా అని నన్ను ఏడిపించి, చివరికి వచ్చింది.

మీ వీసా మాట చదివి నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "నా కోడల్ని పొమ్మన్నోడు ఎవడో చూపియ్యి, వాని సంగతి నేను జూస్త" అంది. రోజూ నా ముందు రెండు గ్లాసుల చాయ్ పెడుతుంది, ఒకటి ఎవరూ తాగరు. నేను చూడడం లేదనుకుని దాన్ని సింకులో పారబోస్తుంది. నేను కూడా చూడనట్టే ఉంటాను.

మీరు చెప్పినట్టు ఫైబరే తెప్పించాను. మూసాపేటలో సక్కుబాయి అనే ఆవిడ డెంటింగు, పెయింటింగు షెడ్డు నడుపుతుంది. అక్కడ బిగించాం. కొత్త బానెట్ పెట్టెలోంచి తీసి కారు మీద పెడితే, కుడివైపు వేలు పట్టేంత సందు, ఎడమవైపు గోరు కూడా దూరలేదు. అరగదీసి, కింద వాషర్లు పెట్టి, తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, రెండు రోజులు దానితో కుస్తీ పట్టాం. ఫైబర్ తేలిక కదా, స్పీడులో లేచి అద్దానికి కొట్టుకోకుండా ముందు రెండు పిన్నులు బిగించింది. రంగు కలవలేదు. కారు పాత ఎరుపు, బానెట్ కొత్త ఎరుపు. పెళ్ళికొడుకు తలపాగా కిరాయికి తెచ్చినట్టుంది. ఇంకోసారి కలిపి కొడతానంది.

రెక్కల పలక విడిగా వస్తుంది, మరలతో ఎటు తిప్పి అయినా బిగించొచ్చు. సక్కుబాయి దాన్ని వెనక్కి తిప్పి పెట్టబోతే నేను ఆపాను. "మా మామ ముందుకే పెట్టుమన్నడు" అన్నాను. ఆమె ఒక్క నిమిషం చూసి, "మీ మామ లారీలు నడిపిండంటున్నవ్ గద సార్, గాయనకు తెల్వకుంటదా" అని ముందుకే తిప్పింది.

ఇప్పుడు బండి చల్లగా, మంచులో నడిచినట్టు నడుస్తోంది. అంతా మీ సలహా పుణ్యమే. త్వరలో వస్తాను. లావణ్య ఎలా ఉంది? ఫోన్లో అడిగితే "బాగున్నా" అంటుంది. మీరు రాస్తే నమ్ముతాను.

మీ అల్లుడు,
మధుకర్


ప్రొద్దుటూరు,
30 ఆగస్టు 2011.

అల్లుడూ, దీవెనలు.

నీ ఉత్తరం చూసి నాకు ఒకటే ఖుషీ. బస్టాండు దగ్గర టీ అంగట్లో అందరికీ చెప్పేశాను, హైదరాబాదులో స్పోర్ట్స్ కారుకు నా సలహాతో బానెట్ బిగించారని. ఇల్లలకగానే పండగ కాదని నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

మీ అత్త ఉత్తరం చదువుతోంది. "అంతా మీ సలహా పుణ్యమే" అన్న దగ్గరికి రాగానే వంటింట్లో ఏదో పడిన చప్పుడు. చూస్తే పాప గోడకు ఆనుకుని నవ్వుతోంది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వింది. "నాయనా, గాలి అట్ల పోదు నాయనా! ఇంజిను వేడి బయటికి రావల్ల గాని, వాన లోపలికి పోవల్నా? ఆ మనిషి వాన పడినప్పుడు యాడో నడిరోడ్డు మీద ఆగిపోయింటాడు. చల్లగా ఉందంట, మంచంట! రాసి అడుగు" అంది.

మీ అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వచ్చిన కాడి నుంచి పాప నవ్వింది ఇదే. నా పరువు పోతే పోయిందిలే, ఇంకో నాలుగు తప్పు సలహాలిస్తానని సుబ్బమ్మతో అన్నాను.

పాప కాలేజీలో చెప్పేది ఈ గాలీ నీళ్ళ పాఠమేనట. కాగితం మీద నీ కారు బొమ్మ గీసి చూపించింది. బానెట్ మీద గాలి వేగంగా పోయే చోట రెక్కలు వెనక్కి తిరిగి ఉంటే, ఆ గాలే లోపలి వేడిని పైకి లాక్కుంటుందట. అద్దం మొదట్లో గాలి ఆగి ఒత్తుకుంటుంది, అక్కడ పెడితే దండగట. ఏ చోట ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే బానెట్ నిండా ఊలు దారాలు అంటించి బండి తోలి చూడాలట. దారాలు వెనక్కి సాఫీగా పడుకున్న చోటు మంచిది, లేచి గంతులేసే చోటు చెడ్డది. బొమ్మ దీంతోపాటే పంపిస్తున్నాను. కింద రెండు వాక్యాలు ఆమె రాసినవే.

ఇప్పుడు నిజం చెప్పు. వానకు ఆగిందా లేదా?

ఇట్లు,
పరువు పోయిన మీ మామ


రాయదుర్గం,
9 సెప్టెంబరు 2011.

మామయ్య గారికి నమస్కారాలు.

ఆగింది. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా, ఆఫీసులు వదిలే వేళ. రెక్కలు నోళ్ళు తెరుచుకుని వాననంతా తాగేశాయి. నా వెనక మాదాపూర్ మొత్తం హారన్ కొట్టింది. వేడి కూడా తగ్గలేదు, పెరిగింది. మీ మనసు నొప్పించడం ఇష్టం లేక అబద్ధం రాశాను. అత్తగారింట్లో ఒక్క మామ అయినా నా పక్కన ఉండాలని నా స్వార్థం.

లావణ్య రాసిన రెండు వాక్యాలు: "ఊలు జానెడు ముక్కలు చాలు. టేపు ఒక్క కొసకే అంటించాలి." వీటిని ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతారు. నాలుగు నెలల తర్వాత ఆమె నాకు చెప్పిన మాటలు ఇవి. "తిన్నావా" కాని మాటలు. పర్సులో పెట్టుకున్నాను.

ఉత్తరం అందిన మర్నాడే పని మొదలుపెట్టాను. ఊలు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతుంటే లావణ్య బీరువాలో, చీరల వెనక దొరికింది. పసుపు రంగు ఉండ, దానికి సూదులతో సహా సగం అల్లిన చిన్న గిన్నెలాంటిదేదో ఉంది. ఫోన్ కవరేమో అనుకున్నాను. ఉండ చాలకపోతే దాన్ని కూడా విప్పేశాను. ఒక్క పోగు లాగితే అంతా చకచకా ఊడి వచ్చింది. కత్తిరించి బానెట్ నిండా అంటించాను.

పూల బుచ్చమ్మ లేదూ, మా సందు మొదట్లో కూర్చుంటుంది, కారు చూసి దణ్ణం పెట్టింది. "ఏ దేవునికి మొక్కినవ్ బిడ్డా?" అంది. "ప్రొద్దుటూరు అమ్మవారికి" అన్నాను. "మొక్కు గట్టిదే, తీరుతదిలే" అంది.

ఆదివారం పొద్దున ఔటర్ రింగు రోడ్డు మీద తోలాను. మామయ్యా, అది చూడాలి మీరు. ముందు సగంలో దారాలన్నీ తల దువ్వుకున్నట్టు వెనక్కి పడుకున్నాయి. అద్దం దగ్గరవి పిచ్చెక్కినట్టు ఆడాయి. లావణ్య గీసిన బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే. పక్క సీటు వైపు తిరిగి "చూసినవా" అన్నాను కూడా. ఎవరూ లేరు. అయినా ఆ రోజు నాకు చాలా బాగుంది.

ఇప్పుడు పలక వెనక్కి తిప్పించాను. వాన నీళ్ళు ఇంజిను మీద పడకుండా కింద చిన్న రేకు తొట్టి కూడా పెట్టిస్తున్నాను. లావణ్యకు చెప్పండి, ఆమె పాఠం అక్షరం పొల్లుపోలేదని. ఊలుకు థాంక్స్ అని కూడా.

మీ అల్లుడు,
మధుకర్


ప్రొద్దుటూరు,
19 సెప్టెంబరు 2011.

మధుకర్‌కు,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

నీ ఉత్తరం మీ అత్త చదువుతుంటే, పాప ఈసారి గడప దాటి వచ్చి వసారాలోనే కూర్చుంది. పూలావిడ మాటకు నవ్వబోయింది. అప్పటికే బీరువా, పసుపు ఊలు అన్న మాటలు చదివేసింది కదా, అవి ఆమె చెవికి ఆలస్యంగా ఎక్కినట్టున్నాయి. "అమ్మా, ముందుది మళ్ళీ చదువు" అంది. సుబ్బమ్మ మళ్ళీ చదివింది. పాప లేచి గదిలోకి పోయి తలుపేసుకుంది. రెండు రోజులు కాలేజీకి పోలేదు. మూడో రోజు వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది. సుబ్బమ్మ నాతో చెప్పింది. నేను నీతో చెబుతున్నాను.

అది ఫోన్ కవరు కాదు నాయనా. పసిబిడ్డ టోపీ.

ఏప్రిల్‌లో ఆమెకు ఆశ కలిగింది. నెల తప్పింది. ఆరేళ్ళకు. ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. గట్టిపడ్డాక చెబుదామని, ఊలు తెచ్చుకుని చాటుగా అల్లడం మొదలుపెట్టింది. తర్వాత ఏమీ లేదని తేలిపోయింది. సరిగ్గా ఆ వారమే నువ్వు హారన్ కొట్టుకుంటూ ఆ కారు తెచ్చి వాకిట్లో పెట్టి, "ఇగ మనిద్దరమే, మూడో మనిషికి జాగ లేదు" అన్నావట.

గుర్తుందా ఆ మాట?

ఎండ అని నువ్వనుకున్నావు, ఉద్యమం అని నేననుకున్నాను. ఇద్దరం మగవాళ్ళం కూర్చుని బానెట్‌కు రెక్కలు ఎటు తిప్పాలా అని ఉత్తరాలు రాసుకున్నాం. కాలేజీ వాళ్ళు పర్మినెంట్ కాగితం సిద్ధం చేశామన్నారు. ఆమె వద్దనలేదు. నాకు కోపమైతే లేదు. ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. నా మాట వింటే ఆ కారు అమ్మేయి.

ఈశ్వరయ్య


రాయదుర్గం,
2 అక్టోబరు 2011.

మామయ్య గారికి,

ఒక్క కోరిక. ఈ ఉత్తరం అత్తమ్మను గట్టిగానే చదవమనండి. లోపలి గది దాకా వినబడేట్టు.

లావణ్యా, ఆ మాట అన్నాను. నవ్వుతూ అన్నాను. నీ మొహం చూడకుండా కారు చూస్తూ అన్నాను.

ఎందుకన్నానో వింటావా? ఆరేళ్ళుగా ఏ పెళ్ళికి పోయినా, ఏ పేరంటానికి పోయినా, మీ వైపు గానీ మా వైపు గానీ, నిన్ను పక్కకు పిలిచి "ఏమన్నా విశేషమా" అని అడగని మనిషి లేదు. నువ్వు లేదని తల ఊపి నవ్వుతావు. ఆ నవ్వు నేను దూరం నుంచి చూస్తుంటాను. చిన్నాయన మనవడి బారసాలలో మా మేనత్త నీ చేతిలోంచి పిల్లాడిని తీసేసుకున్నప్పుడు కూడా నువ్వు అదే నవ్వు నవ్వావు. ఆ రోజు నిర్ణయించుకున్నాను, మనకు ఇంకెవరూ అక్కర్లేదని నీకు చెప్పాలని. నువ్వుంటే నాకు ఇల్లు నిండుగా ఉంటుందని చెప్పాలని. ఆ మాట నోటితో చెప్పడం చేతకాక కారు కొన్నాను. రెండు సీట్లు చూస్తే నీకే అర్థమవుతుందనుకున్నాను. నీకు ఇంకోలా అర్థమైంది. అలా అర్థం కాకుండా ఎలా ఉంటుంది? ఏప్రిల్ సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఆ కారు మన సందులోకి కూడా రానిచ్చేవాణ్ణి కాదు.

టోపీ విప్పేశాను. ఒక్కో పోగు ఊడుతుంటే ఎంత తేలిగ్గా వస్తోందో అని సంబరపడ్డాను కూడా. ఇప్పుడు ఆ సంబరం గుర్తొస్తే నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయి. ముక్కలన్నీ బానెట్ మీంచి ఒక్కొక్కటే తీశాను. టేపు జిగురు మరకలు మాత్రం పోలేదు. వాటిని రుద్దమని సక్కుబాయికి చెప్పలేదు.

మామయ్యా, ఇక్కడ సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటడం లేదు, రైళ్ళు ఏ రోజు నడుస్తాయో తెలియదు. నాకున్నది ఈ కారే. దసరా వెళ్ళాక బయలుదేరి వస్తున్నాను. లావణ్య రమ్మనలేదు, తెలుసు. అయినా వస్తున్నాను. ఆమె లేని ఇంట్లో ఇంకొక్క రోజు కూడా "తిన్న" అని అబద్ధం చెప్పలేను.

మధుకర్


ప్రొద్దుటూరు,
14 అక్టోబరు 2011.

అల్లుడూ,

క్షేమంగా చేరావని ఫోన్లో విన్నాను. ఇప్పుడు నా కోపం కాగితం మీద విను. స్టాంపు అంటించినా ఇది ఆరేది కాదు.

మొదటిది. నెంబరు ప్లేటు మీద ఏపీ తుడిచి టీజీ అని అంటించిన బండితో మా వీధిలోకి వస్తావా? మీ సందు పిల్లలు నీకు చెప్పకుండా అంటించారంటావు, నమ్ముతాను. కానీ ఎదురింటి ఓబులమ్మ "ఎవురప్పా ఈ మగోడు, గుండెకాయ చూడు" అని నలుగురిని పోగేసింది. నా పైపంచె తీసి ప్లేటు మీద ఆరేసి కాపలా కూర్చున్నాను. పోయేటప్పుడు దాన్ని అట్లాగే తగిలించుకుని పోయావు. కర్నూలు దాకా నా పంచె జెండాలాగా ఎగిరి ఉంటుంది.

రెండోది. అంత దూరం వచ్చి, నాతో ఏం మాట్లాడావు? రేకు తొట్టి గురించి. నంద్యాల దాకా వేడి మీటరు ముల్లు నడిమి దాటలేదని. పాప అన్నం వడ్డిస్తే తల ఎత్తలేదు. పప్పు ఇంకాస్త కావాలా అంటే "చాలు" అన్నావు. ఆమె గోంగూర పచ్చడి పెడితే "బాగుంది" అన్నావు. నీ ఉత్తరం చదువుతూ మీ అత్త మధ్యలో ఆగిపోయి కొంగుతో కళ్ళు తుడుచుకున్న సంగతి నీకేం తెలుసు? అంత రాసినవాడివి, ఎదురుగా కూర్చుని ఒక్క మాట అనలేవా? మీటరు చూడడానికొచ్చిన కరెంటు మనిషి కూడా అంతకంటే ఎక్కువ మాట్లాడతాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరితే ఆపుదామని నేను లేవబోయాను. సుబ్బమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గేటు దగ్గర మీరిద్దరూ ఏమనుకున్నారో నాకు తెలియదు. నువ్వు ఒక్కడివే పోవడం మాత్రం చూశాను. పాప చాలాసేపు గేటు దగ్గరే ఉంది.

ఒంటరిగా పంపించినందుకు నాకు ఈ పూట అన్నం దిగలేదు. ఉత్తరం రాస్తావో, ఊరుకుంటావో నీ ఇష్టం.

ఈశ్వరయ్య


ప్రొద్దుటూరు,
20 అక్టోబరు 2011.

మధూ,

నాన్న ఉత్తరం నీకు ఈపాటికి చేరి ఉంటుంది. పోస్టు డబ్బాలో వేయమని నా చేతికే ఇచ్చాడు. అంటించకుండా ఇచ్చాడు, చదవాలనే. చదివాను.

నీ ఉత్తరం అమ్మ సగం దాకా చదివి ఆపేసింది. మిగతాది నేనే తీసుకుని గదిలో చదువుకున్నాను. మా మేనత్త, మీ మేనత్త, అందరూ అడిగేటప్పుడు నువ్వు ఎటో చూస్తుంటావనుకునేదాన్ని. చూశావని తెలియదు. ఒక్కసారైనా ఆ రోజు రాత్రి "చూసిన" అని ఉంటే, నేను ఏప్రిల్‌లో ఊలు కొన్న రోజే నీకు చెప్పి ఉండేదాన్ని. నేనూ దాచాను. నీ తప్పు ఒక్కటే పెట్టుకుని ఇక్కడ కూర్చున్నాను. నాది ఎవరికీ చూపించలేదు.

టోపీ విప్పినందుకు నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. తర్వాత ఒక సంగతి తట్టింది. నేను అయితే దాన్ని ఎప్పటికీ విప్పేదాన్ని కాదు. చీరల వెనక పెట్టుకుని, అప్పుడప్పుడు చూసుకుని ఏడ్చేదాన్ని. నువ్వు తెలియక విప్పావు. అది పోయింది. పోయాక, నిజం చెబుతున్నాను, ఊపిరి కొంచెం తేలికైంది.

నువ్వు వచ్చిన రోజు నీతో మాట్లాడాలని గోంగూర చేశాను. నువ్వు బాగుంది అన్నావు. వెర్రిగా ఇంకా ఏదో అంటావని నిలబడ్డాను. గేటు దగ్గర "కారు అమ్మేస్త" అన్నావు. నేనేమీ అనలేదు. నీకు కోపమనిపించి ఉంటుంది. కోపం కాదు. నేను అప్పుడు నిన్ను చూస్తున్నాను.

నువ్వు బ్యాగు తీసుకుని పక్క సీటు తలుపు తీశావు. సీటు మీద పెట్టబోయి ఆగావు. మళ్ళీ తీసుకుని వెనక డిక్కీ తెరిచి, ఆ తొట్టి సామాన్లూ రెంచీలూ జరిపి, దాన్ని అక్కడ కుక్కావు. సీటు చేత్తో ఒకసారి తుడిచి తలుపు వేశావు. ఎందుకలా చేశావని నేను అడగలేదు. అడిగినా నువ్వు చెప్పలేవు.

ఆ కారు కొన్న రోజు నుంచి అందులో లేని మూడో సీటునే చూశాను మధూ. లేని బిడ్డకు లేని సీటు. అయిదు నెలలు దాన్నే తలుచుకున్నాను. నువ్వు వీధి మలుపు తిరిగేటప్పుడు ఎండ పడి లోపల అంతా కనబడింది. నువ్వు ఒక పక్క, రెండో పక్క ఖాళీ. అక్కడ లేనిది నేనే. హైదరాబాదు దాకా అట్లాగే పోయి ఉంటావు, నేను లేకుండా, ఆ సీటు మీద ఒక బ్యాగు కూడా పెట్టకుండా. నాకు ఏడుపు ఆగలేదు.

కాలేజీ కాగితం వెనక్కి ఇచ్చేశాను. నవంబరు ఆఖరి దాకా పిల్లలకు పాఠం పూర్తి చేయాలి, మధ్యలో వదిలితే బాగుండదు. అప్పుడు రా. పిల్లల సంగతి డాక్టరు దగ్గరికి పోదామా, ఊరుకుందామా, ఎవరి బిడ్డనైనా తెచ్చుకుందామా, అదంతా ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. కానీ ఈసారి నోటితో మాట్లాడాలి. నువ్వూ, నేనూ.

అత్తమ్మను ఆ రెండో గ్లాసు చాయ్ ఇంకొన్నాళ్ళు పారబోస్తూనే ఉండమను. మానొద్దని చెప్పు.

బట్టలు పెద్ద పెట్టె అవుతుంది, లారీలో నాన్న పంపిస్తానన్నాడు. కారు అమ్మొద్దు. అందులోనే రా. వచ్చేటప్పుడు నా సీట్లో ఏమీ పెట్టకు.

నీ
లావణ్య